నలభై అయిదు గుర్రాలు, రెండు చక్రాలు

మదనపల్లె టమాట మార్కెట్టులో వేలం ముగిసి, కాయలు అమ్ముకున్న రైతులు టీ కొట్ల దగ్గర గుంపులుగా నిలబడే వేళ రెండు ప్రశ్నలు తప్పకుండా చెవిన పడతాయి. ఇవాళ క్రేటు ఎంత పలికింది? ఏ ట్రాక్టరు తీసుకుంటే మేలు? మొదటిదానికి జవాబు ఒక అంకె. రెండోది మొదలైతే టీ చల్లారిపోవాల్సిందే. ఎర్రబండి తోలినవాడు ఎర్రబండికే ఓటేస్తాడు. నీలంబండి దమ్ము ముందు ఏదీ నిలవదని ఇంకొకడు. పచ్చబండి గేర్లు వెన్నలో వేలు పెట్టినట్టు పడతాయని ఒకరంటే, కాషాయం బండి డీజిలు తాగదు, వాసన చూస్తుంది అంతే అని మరొకరు. మా పడమటి మండలాల్లో కంపెనీ పేరు కన్నా రంగే ముందు నోటికి వస్తుంది.

నేనూ ఆ గుంపులో చాలాకాలం నిలబడ్డవాణ్ణే. ఒకసారి పుంగనూరు రోడ్డులో ట్రాక్టర్లు బాగుచేసే ఒక పెద్దమనిషిని ఇదే అడిగాను. విప్పిన గేరుబాక్సులోంచి తల ఎత్తకుండానే, "బండి సంగతి మళ్లీ మాట్లాడదాం గానీ సామీ, నీ చేన్లో ఏమేం పన్లుండాయి? ఏడాదికి ఎన్ని గంటలు? అది చెప్పు ముందు" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. దాన్ని వెతుక్కుంటూ పోతే బండిలోని యంత్రశాస్త్రం కొంచెం తెలిసింది. అదే ఈ అధ్యాయం.

ఒక బస్తా, ఒక మీటరు, ఒక సెకను

ట్రాక్టరనగానే వినిపించే తొలి మాట హెచ్‌పీ. హార్స్ పవర్, అంటే గుర్రపు బలం. 18వ శతాబ్దంలో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాలు అమ్ముకోవడానికి వాడుకలోకి తెచ్చిన కొలత ఇది. మిల్లులు తిప్పడానికి గుర్రాలను మేపుతున్నవాళ్లకు 'నా యంత్రం ఇన్ని గుర్రాల పెట్టు' అని చెబితే తప్ప బేరం కుదరదు. అంటే ఈ మాట పుట్టిందే అంగట్లో. అమ్మేవాడు హెచ్‌పీ అన్నప్పుడల్లా ఆ సంగతి మనసులో ఉంచుకుంటే మంచిది.

మన లెక్కలో చెప్పుకుంటే తేలిక. 75 కేజీల వడ్ల బస్తాను ఒక్క సెకనులో ఒక మీటరు ఎత్తుకు లేపితే అది ఒక హెచ్‌పీ. ఇప్పుడు సేద్యపు ఎద్దుల్ని తీసుకుందాం. జత బరువు 800 కేజీలు అనుకుంటే, రోజంతా అలవకుండా లాగాలంటే ఎద్దు తన బరువులో పదోవంతు మాత్రమే లాగగలదు. జతకు 80 కేజీల లాగుడు. మడక పట్టిన మనిషి నడక సెకనుకు మీటరు కన్నా కొంచెం తక్కువ. రెండూ గుణించి చూస్తే జత ఎద్దులు ఒక గుర్రం.

పుంగనూరు జాతి కోడెలైతే ఆ మాత్రం కూడా రాదు. మూడడుగులకు మించని ఎత్తు, రెండు వందల కేజీల లోపు బరువు. జత కడితే అర గుర్రం. అయినా ఈ చుట్టుపక్కల మెట్ట చేలను అవి దున్నాయి. ఎందుకంటే మా నేల అలాంటిది. ఇసుక కలిసిన ఎర్రనేల, పదునులో ఉంటే వేలితో గీసినా కదులుతుంది. ఎండిందా, మడక కర్రు మీద నిప్పురవ్వలు లేస్తాయి. ఈ రెండు ముఖాలూ గుర్తుంచుకోండి, ట్రాక్టరు ఎంపికలో మళ్లీ వస్తాయి.

మరి 45 హెచ్‌పీ బండి అంటే 45 జతల ఎద్దులేనా? కాగితం మీద అవును. చేలో దిగాక లెక్క మారుతుంది. ఇంజిను పుట్టించిన బలంలో కొంత గేర్లు తింటాయి. కొంత ఆయిలు వేడెక్కడానికి పోతుంది. పోగా ఈ ప్రాంతానికంటూ ఒక కోత ఉంది. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తు. అక్కడి గాలి కోస్తాలో గాలి కన్నా ఆరేడు శాతం పలుచన. డీజిలు ఇంజిను అవసరానికి మించే గాలి పీలుస్తుంది కాబట్టి నష్టం మొత్తం ఆరేడు శాతం కాదు, కానీ కొంత తప్పదు. ఈ కోతలన్నీ కలిపినా పెద్దవి కావు. అసలు దెబ్బ చక్రం దగ్గర పడుతుంది.

లాగేది ఇంజిను కాదు, బరువు

కళ్లం మీద వడ్లు పరచి, వాటి మీద నిలబడి తాడు లాగి చూడండి. చేతుల్లో ఎంత సత్తువ ఉన్నా కాళ్లు జారతాయి. భుజాన బస్తా పెట్టుకుని లాగితే పట్టు దొరుకుతుంది. సత్తువ పెరగలేదు, బరువు పెరిగింది. ట్రాక్టరుకూ ఇదే న్యాయం. 45 హెచ్‌పీ బండ్లు ఏ రంగువైనా ఇంచుమించు 1,800 నుంచి 2,000 కేజీల బరువుంటాయి. వెనక చక్రాలే తిరిగే బండిలో ఆ బరువులో మూడింట రెండువంతులు వెనక పడుతుంది. దుక్కి నేలలో, వెనక పడ్డ బరువులో సగం లాగగలిగితే ఆ బండి బాగా లాగినట్టే. అంటే 600 కేజీలు.

సెకనుకు మీటరున్నర వేగంతో 600 కేజీలు లాగితే ఎన్ని గుర్రాలు? 600ని ఒకటిన్నరతో గుణిస్తే 900. దాన్ని 75తో భాగిస్తే 12.

పన్నెండు! ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు తప్పేమోనని మళ్లీ వేశాను. 45 గుర్రాలకు డబ్బు కట్టి, తొమ్మిది పళ్ల కల్టివేటరు తగిలించి దున్నినంతసేపూ పన్నెండు గుర్రాలే పనిచేస్తున్నాయి. మిగిలినవి బానెట్టు కింద నిలబడి మేత మేస్తున్నాయి. ఎర్రనేల దుక్కికి 35 హెచ్‌పీ బండి తెచ్చుకున్న పొరుగువాడు 50 హెచ్‌పీ వాడితో సమానంగా దున్నుతున్నాడంటే వింతేమీ లేదు.

అయితే బరువు పెంచకుండానే చక్రాల మీద బరువు పడేలా చేయవచ్చని కనిపెట్టినవాడు ఒకడున్నాడు. పేరు హ్యారీ ఫెర్గూసన్, ఐర్లండు రైతు కొడుకు. 1909లో సొంతంగా విమానం కట్టి ఎగిరినవాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ట్రాక్టరు వెనక గొలుసుతో మడక కట్టి లాగేవారు. మడక రాయికి తగిలి ఆగిపోతే చక్రాలు ఆగవు. ముందు భాగం గాల్లోకి లేచి, బండి వెనక్కి తిరగబడి తోలేవాడి మీద పడేది. ఫెర్గూసన్ మడకను గొలుసుతో కట్టడం మానేసి మూడు చోట్ల బిగించాడు. కింద రెండు చేతులు, పైన ఒక కడ్డీ. మీ బండి వెనకకు వెళ్లి చూడండి, ఇప్పటికీ అవే మూడు. పైదాన్ని మనవాళ్లు టాప్ లింకు అంటారు.

ఆ పై కడ్డీ చేసే పని చిత్రమైనది. మడక గట్టినేలలో దిగబడి వెనక్కి లాగుతున్నప్పుడు, దాని తల ముందుకు వాలి టాప్ లింకును బండివైపు నెడుతుంది. ఆ నెట్టుడుకు లోపల ఒక స్ప్రింగు నొక్కుకుంటుంది. స్ప్రింగు కదిలితే ఆయిలు వాల్వు తెరుచుకుని, లిఫ్టు చేతులు మడకను రెండు వేళ్ల ఎత్తు పైకి లేపుతాయి. ఆ క్షణంలో మడక బరువూ, దాన్ని కిందికి లాగుతున్న మట్టి బరువూ వెనక చక్రాల మీద పడతాయి. చక్రం నేలను పట్టుకుంటుంది. గట్టినేల దాటగానే మడక మళ్లీ దిగుతుంది. ఇదంతా డ్రైవరు చేయి వేయకుండానే. బుద్ధిమంతుడైన ఎద్దు రాయి తగలగానే మెడ ఎత్తి కాడిని సర్దుకున్నట్టు ఉంటుంది.

1926లో పేటెంటు వచ్చింది. 1938లో ఫెర్గూసనూ, కార్ల హెన్రీ ఫోర్డూ కాగితం లేకుండా చేతులు కలిపి ఒప్పందం చేసుకున్నారు. దాని మీద తర్వాత పెద్ద కోర్టు గొడవే నడిచింది, అది వేరే కథ. ఇవాళ ఏ రంగు దుక్కి ట్రాక్టరుకైనా దాదాపుగా ఈ ఏర్పాటు ఉంటుంది. డ్రాఫ్ట్ కంట్రోల్ అనే లివరు పేరుతో సీటు పక్కనే కనిపిస్తుంది. మన డ్రైవర్లలో చాలామంది దాని జోలికే పోరు. పక్కనున్న రెండో లివరుతో మడక ఎత్తు కట్టేసుకుని నడిపేస్తారు. అన్నేళ్ల మెదడు శ్రమ తుప్పు పడుతూ ఉంటుంది.

చక్రం ఎంత జారుతోందో తెలుసుకోవడానికి కంపెనీవాడు అక్కర్లేదు, సుద్దముక్క చాలు. వెనక టైరు పక్కన ఒక గీత గీయండి. కల్టివేటరు పైకెత్తి, చక్రం పది చుట్లు తిరిగేదాకా చేలో నడిపించి దూరం కొలవండి. 40 మీటర్లు వచ్చిందనుకుందాం. ఇప్పుడు కల్టివేటరు దించి దున్నుతూ అదే పది చుట్లు. 35 మీటర్లే వస్తే, ఐదు మీటర్లు జారుడులో పోయింది. నలభైకి ఐదు, అంటే పన్నెండున్నర శాతం. పది నుంచి పదిహేను దాకా మామూలే. ఇరవై దాటితే మీ డీజిలు నేలను కాదు, టైరును అరగదీస్తోంది. వెనక చక్రాలకు ఇనుప బిళ్లలు వేయాలి, లేదా ట్యూబులో నీళ్లు పట్టించాలి. అసలు జారుడే లేకపోయినా సంబరపడకండి. బండి అవసరానికి మించిన బరువు మోస్తోందన్నమాట. ఆ బరువు తడి ఎర్రనేలను అణగదొక్కితే, పైన మెత్తగా కనిపించినా ఒక జానెడు కింద వేరు దిగని గట్టి పొర తయారవుతుంది.

మిగిలిన గుర్రాలు ఎక్కడ పనికొస్తాయి

నిలబడి మేస్తున్న ముప్పై మూడు గుర్రాలకు మా దగ్గర రెండే పనులు. ఒకటి రొటోవేటరు, రెండు ట్యాంకరు.

రొటోవేటరు చక్రాల పట్టుతో పనిచేయదు. బండి వెనక తిరిగే ఇరుసు, పీటీవో, నిమిషానికి 540 చుట్ల లెక్కన కత్తుల్ని తిప్పుతుంది. ఇంజిను బలం జారుడు లేకుండా నేరుగా మట్టిలోకి దిగుతుంది. పైగా కత్తులు తిరిగే దిశ చక్రాలు తిరిగే దిశే. అవి నేలను తవ్వుతూ బండిని ముందుకు నెడతాయి. అందుకే కల్టివేటరుతో జారిపోయే తేలికపాటి బండి కూడా రొటోవేటరుతో హాయిగా నడుస్తుంది. ఇక్కడ బరువు కాదు, నిఖార్సయిన హెచ్‌పీ కావాలి. ఆరడుగుల రొటోవేటరుకు 45 హెచ్‌పీ ఉంటే నిశ్చింత.

బ్రాండ్ల వాదనలో ఎక్కువమంది పట్టుబట్టే 'దమ్ము' అసలు బయటపడేది ఇక్కడే. మా అవ్వ రాగులు విసిరిన పెద్ద విసుర్రాయి గుర్తుచేసుకుంటాను. దాన్ని నెమ్మదిగా, గట్టిగా తిప్పాలి. పక్కింట్లో చిన్న విసుర్రాయి, చకచకా తిరిగేది. సాయంత్రానికి రెండిళ్లలోనూ అంతే పిండి. గట్టిగా తిప్పే ఆ బలాన్ని మెలిబలం అందాం. ఇంజనీర్లు టార్క్ అంటారు. హెచ్‌పీ అంటే మెలిబలాన్ని వేగంతో గుణించినది. మహీంద్రా 575 డీఐ, కుబోటా ఎంయూ 4501 రెండూ 45 హెచ్‌పీ బండ్లే. మొదటిది నిమిషానికి 1,900 చుట్ల దగ్గర ఆ బలం ఇస్తుంది, రెండోది 2,500 దగ్గర. లెక్క ప్రకారం ఆ వేగాల దగ్గర మొదటిదాని మెలిబలం మూడోవంతు దాకా ఎక్కువ. 'చూశావా, ఎర్రబండి దమ్ము' అంటారు ఇక్కడ. తొందరపడొద్దు. మధ్యలో గేర్లున్నాయి. వేగంగా తిరిగే ఇంజినుకు ఎక్కువ తగ్గించే గేర్లు వేస్తే చక్రం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరిదీ ఒకటే పిండి.

తేడా వచ్చేది రాయి తగిలినప్పుడు. రొటోవేటరు గట్టి చోట చిక్కి ఇంజిను వేగం పడిపోతుంది. వేగం తగ్గుతున్నకొద్దీ మెలిబలం పెరిగే ఇంజిను గురగురమంటూ దాటేస్తుంది. పెరగనిది ఆగిపోతుంది, డ్రైవరు క్లచ్ తొక్కి గేరు దించాలి. ఈ నిలవ బలం ఎంతో హెచ్‌పీ అంకెలో కనిపించదు. రంగు చూసినా తెలియదు. ఎక్కడ కనిపిస్తుందో కాసేపట్లో చెబుతాను.

రెండోది నీళ్ల ట్యాంకరు. బోర్లు ఎండిన ఏడాది, మామిడి మొక్కలను, పూత మీదున్న టమాటను బతికించుకోవడానికి ఈ మండలాల్లో ట్రాక్టర్లు రాత్రనక పగలనక నీళ్లు తోలాయి. 5,000 లీటర్ల ట్యాంకరంటే నీళ్లే ఐదు టన్నులు. తొట్టి, బండి కలిపితే ఎనిమిదిన్నర. ఇరవై అడుగులకు ఒక అడుగు లేచే మిట్ట ఎక్కాలంటే, రోడ్డు రాపిడితో కలిపి 675 కేజీల దాకా లాగాలి. సెకనుకు మూడు మీటర్ల వేగానికి 27 గుర్రాలు. కల్టివేటరుకు కావలసినదానికి రెట్టింపుకు పైనే. రోడ్డు పని ఎక్కువున్నవాడికి పెద్ద బండి ఎందుకు గిట్టుబాటో ఇప్పుడు అర్థమవుతుంది.

ఎక్కడం కన్నా దిగడం ప్రమాదం. ఎనిమిదిన్నర టన్నుల్ని ఆపాల్సింది రెండు టన్నుల బండి. ట్యాంకరుకు సాధారణంగా సొంత బ్రేకు ఉండదు. ఆయిల్లో మునిగి ఉండే బ్రేకులు వేడిని ఆయిలుకు ఇచ్చేస్తాయి, దుమ్మూ నీళ్లూ తగలవు. పొడి బ్రేకులు చౌక, దిగుడులో త్వరగా వేడెక్కుతాయి. ట్యాంకరు తోలేవాడికి నా సలహా ఒకటే. ఏ రంగు కొన్నా ఆయిలు బ్రేకులున్నదే కొనండి. ఇంకో మాట. సగం నిండిన ట్యాంకరు నిండినదాని కన్నా మొండిది. బ్రేకు వేశాక కూడా లోపలి నీళ్లు ముందుకు పరిగెత్తి బండిని తోస్తాయి.

రంగుల వెనక చుట్టరికాలు

టీ కొట్టు దగ్గర రంగుల కోసం కొట్టుకునేవాళ్లకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. వాళ్లు పోట్లాడుతున్న బండ్లలో చాలావాటికి చుట్టరికం ఉంది.

మన దేశంలో తయారైన తొలి ట్రాక్టరు 1959లో ఫరీదాబాదులో వచ్చిన ఐషర్. 1960లో చెన్నైలో టాఫే మొదలై మాస్సీ ఫెర్గూసన్ బండ్లు చేసింది. ఆ ఫెర్గూసన్ మన టాప్ లింకు ఫెర్గూసనే. 2005లో ఐషర్ ట్రాక్టర్ల వ్యాపారాన్ని అదే టాఫే కొనేసింది. మహీంద్రా 1963లో అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ హార్వెస్టరుతో కలిసి ఈ రంగంలోకి దిగింది. స్వరాజ్ కథ మాత్రం పేరుకు తగ్గట్టే. దుర్గాపూరులోని ప్రభుత్వ పరిశోధనశాలలో విదేశీ సాయం లేకుండా గీసిన నమూనాతో పంజాబ్ ట్రాక్టర్స్ సంస్థ 1974లో దాన్ని బయటికి తెచ్చింది. 2007లో ఆ సంస్థ మహీంద్రా చేతికి వచ్చింది. అంటే మహీంద్రా ఎర్రబండి వాడూ, స్వరాజ్ నీలంబండి వాడూ ఎంత కొట్టుకున్నా లాభం చేరే ఇల్లు ఒకటే. ఒకప్పుడు ఫోర్డుతో కలిసి బండ్లు చేసిన ఎస్కార్ట్స్ 2022 నుంచి ఎస్కార్ట్స్ కుబోటా. జాన్ డీర్ పుణె దగ్గర, సోనాలికా హోషియార్‌పూరులో తయారవుతాయి. హెచ్ఎంటీ ట్రాక్టరు ఒకటుండేదని చెప్పడానికి మాత్రం ఇవాళ పాత షెడ్లలో మిగిలినవే సాక్ష్యం. ఆ తయారీ 2016లో మూతపడింది.

చుట్టరికం ఉన్నంతమాత్రాన అన్నీ ఒకటేనని కాదు. గేర్ల అమరిక, కుదుపు, సీటు, పెడళ్ల బరువు వేరువేరు. రోజుకు పదిగంటలు తోలేవాడి నడుము ఆ తేడాను చెబుతుంది. అయితే దుక్కి లోతులోనో, దిగుబడిలోనో తేడా తెచ్చేంత దూరం ఇవాళ పేరున్న బండ్ల మధ్య లేదన్నది నా అభిప్రాయం. దూరం ఎక్కువుండేది బండికీ, దాని విడిభాగం దొరికే అంగడికీ మధ్య.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. బాడుగకు తెచ్చుకున్న ఒక బండి, సెనక్కాయ విత్తేముందు లిఫ్టు లేవక మా గెనెం మీద నిలబడిపోయింది. పంపులో వేసే రబ్బరు సీలు, అరచేతిలో ఇమిడిపోయే ముక్క. అది బెంగళూరు నుంచి రావాలన్నారు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. సీలు వచ్చేలోగా పదును ఆరిపోయింది. తొలకరి పదును మా ఎర్రనేలలో మూడు నాలుగు రోజులకు మించి నిలవదు. ఆ ఏడు నాకు నష్టం తెచ్చింది హెచ్‌పీ కాదు, ఆ ముక్క.

అందుకే ఏ రంగు కొనాలో తేల్చుకోలేకపోతే, మీ ఊళ్లో ఏ రంగువి ఎక్కువున్నాయో లెక్కపెట్టండి. గొర్రెదాటు అనుకోకండి. పదిబండ్లున్న చోట మెకానిక్కు చేతికి ఆ బండి అలవాటై ఉంటుంది, అంగట్లో సామాను నిలవ ఉంటుంది.

దుమ్ము సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2.7 లీటర్ల ఇంజిను 1,900 చుట్ల దగ్గర నిమిషానికి రెండు వేల లీటర్లకు పైగా గాలి పీలుస్తుంది. రెండున్నర నిమిషాల్లో ఒక ట్యాంకరు గాలి. వేసవి దుక్కిలో ఎర్రదుమ్ము మధ్య ఆ గాలి ఎలా ఉంటుందో ఊహించుకోండి. గాలి జల్లెడ, అదే ఎయిర్ ఫిల్టరు, వారం పాటు పట్టించుకోకపోతే ఎంత పేరున్న ఇంజినైనా లోపల ఇసుకకాగితంతో రుద్దినట్టే అరుగుతుంది. 'ఫలానా కంపెనీ ఇంజిను మూడేళ్లకే పోయింది' అనే ఫిర్యాదుల్లో ఎన్ని నిజంగా ఆ కంపెనీవో, ఎన్ని ఎవరూ దులపని జల్లెడవో!

బుద్నిలో రాసిన కాగితం

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో విల్మట్ క్రోజియర్ అనే రైతు ఉండేవాడు. కొన్న ట్రాక్టర్లు అమ్మినవాడు చెప్పినట్టు పనిచేయక విసిగిపోయాడు. శాసనసభకు ఎన్నికయ్యాక, పరీక్ష నెగ్గని ట్రాక్టరును రాష్ట్రంలో అమ్మకూడదని 1919లో చట్టం చేయించాడు. మరుసటి ఏడాది పరీక్షలు మొదలయ్యాయి. ట్రాక్టరును నమ్మకం మీద కాకుండా కొలత మీద కొనే అలవాటు అక్కణ్ణుంచి ప్రపంచానికి పాకింది.

మనకు ఆ పని చేసేది మధ్యప్రదేశ్‌లోని బుద్ని. 1955లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ అక్కడుంది. ఇలాంటిదే దక్షిణాది రాష్ట్రాల కోసం మన పక్కనే ఉంది, అనంతపురం జిల్లా గార్లదిన్నెలో. ఆ ఆవరణ పేరే ట్రాక్టర్ నగర్. సాగు యంత్రాలను పరీక్షిస్తారు, రైతులకు తోలకం, మరమ్మతు నేర్పుతారు. ఇంటిముందున్న ఈ బడి సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు.

బుద్ని పరీక్షా నివేదికలో ప్రకటనలో ఉండని అంకెలుంటాయి. పీటీవో దగ్గర అసలు ఎన్ని గుర్రాలు మిగిలాయి, లిఫ్టు ఎంత బరువెత్తింది, ఒక పనికి ఎన్ని గ్రాముల డీజిలు కాలింది. ఇందాక దాచిన నిలవ బలం కూడా అందులోనే, వేగం తగ్గేకొద్దీ మెలిబలం ఎంత పెరిగిందో శాతంలో కనిపిస్తుంది. 'మా బండి గంటకు నాలుగు లీటర్లే' అని అమ్మేవాడు చెబితే మురిసిపోకండి. గంటలో ఎన్ని ఎకరాలు? అది చెప్పని లీటరు లెక్క, కాటా లేని టమాట బేరం. ఎకరానికి ఎంతో అడగండి.

కుప్పం వైపు చిన్న చేలు

కుప్పం వైపు పోతే ప్రశ్నే మారిపోతుంది. మూడు రాష్ట్రాలు కలిసే చోటు, చిన్న కమతాలు, మల్బరీ వరసలు, డ్రిప్పు గొట్టాలు. 1990ల చివర ఇజ్రాయెల్ సాంకేతిక సాయంతో డ్రిప్పు సాగు ప్రాజెక్టు నడిచిన నేల ఇది. ఆ పద్ధతి మంచిచెడ్డల మీద వాదనలు ఇంకా ఉన్నాయి గానీ, గొట్టం మాత్రం చేలలో ఉండిపోయింది. గొట్టం పరిచాక, మల్చింగ్ షీటు వేసి టమాట నాటి కట్టెలు పాతాక, ఐదారడుగుల వెడల్పున్న పెద్ద బండికి చేలో పనిలేదు. ఎంత హెచ్‌పీ అయినా గట్టు మీద నిలబడి చూడాల్సిందే.

ఆ వరసల మధ్య దూరేది మూడు నాలుగడుగుల వెడల్పు మినీ ట్రాక్టరు. మహీంద్రా యువరాజ్ 215 ఒక్క సిలిండరుతో 15 హెచ్‌పీ. కుబోటా బీ 2441 నాలుగు చక్రాలూ తిరిగే 24 హెచ్‌పీ. బెంగళూరు కంపెనీ వీఎస్‌టీ చేసే చిన్న బండ్లు కుప్పానికి పొరుగునున్న హోసూరులోనే తయారవుతాయి. వీటి బరువు 650 నుంచి 800 కేజీల దాకా, అంటే మన సేద్యపు ఎద్దుల జత బరువే! పుంగనూరు కోడె ఈ నేలకు ఎందుకు సరిపోయిందో, ఇవీ అందుకే సరిపోతాయి. వెనక చిన్న రొటోవేటరు పెడితే నెట్టుడు దానిదే కాబట్టి తేలికబరువు అడ్డం కాదు. అదే బండికి కల్టివేటరు తగిలించి ఎండిన చేలోకి తోలితే చక్రాలు గిర్రున తిరుగుతాయి, బండి కదలదు. అది బండి తప్పు కాదు. నాలుగు చక్రాలూ తిరిగేదైతే తన బరువు మొత్తాన్నీ పట్టుగా వాడుకుంటుంది కాబట్టి చిన్నబండ్లలో ఆ అదనపు ధర దండగ కాదంటాను. మామిడితోటవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. పొగగొట్టం నిటారుగా పైకుంటే ప్రతి కొమ్మా తగులుతుంది, పక్కకు వంచినదైతే ఆ బాధ లేదు.

ఇంతా తెలుసుకున్నాక పుంగనూరు రోడ్డు పెద్దమనిషి అడిగిన గంటల లెక్క వేసుకుని మళ్లీ వెళ్లాను. మాది నాలుగున్నర ఎకరాలు. వేసవి దుక్కి, విత్తనానికి ముందు రెండు సాళ్లు, టమాటకు బోదెలు, ఒకసారి రొటోవేటరు, పెంట తోలడం. ఎంత కూడినా ఏడాదికి అరవై గంటలు దాటలేదు. ట్రాక్టరు ఖర్చు లెక్కగట్టేటప్పుడు ఏడాదికి వెయ్యి గంటలు, పదేళ్లు నడుస్తుందని తీసుకుంటారు. నా లెక్కన ఆ గంటలు పూర్తికావాలంటే నూట అరవై ఏళ్లు పైనే కావాలి.

ఆయన కాగితం చూసి నవ్వాడు. "ఇంకేం సామీ, మంచి ట్రాక్టరు తేలిపోయింది గదా. బాడుగ ట్రాక్టరు" అన్నాడు. ఇప్పుడు గంట లెక్కన తోలించుకుంటున్నాం. ఆ బండి ఏ రంగుదని మా ఇంట్లో ఎవరూ అడగరు. డ్రైవరు మాత్రం, సుద్దముక్క పట్టుకుని చక్రం వెనక నడిచే మనిషి వచ్చాడని నన్ను చూసి నవ్వుకుంటాడు.